మా అశోక్‌నగర్ జిరాక్స్ షాపుకి యాంటీవైరస్ ఎలా ఎంచుకున్నానంటే

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మాది చిన్న జిరాక్స్ షాపు. ప్రింట్లు, స్పైరల్ బైండింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, తెలుగు డీటీపీ చేస్తాం. పదకొండేళ్లుగా నడుపుతున్నాను. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కాస్త అవతల చిక్కడపల్లి లైబ్రరీ. గ్రూప్స్ హాల్ టికెట్లు వచ్చిన రోజు పొద్దున ఏడింటికే షట్టర్ ముందు పిల్లలు నిలబడి ఉంటారు. చాలామంది చేతిలో పెన్‌డ్రైవ్. అది మా దగ్గరికి వచ్చేలోపు ఎన్ని షాపులు తిరిగిందో వాళ్లకే తెలియదు.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఏ యాంటీవైరస్ మంచిదని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది, మీ కంప్యూటర్‌లోకి ఏమేం వచ్చి పోతుంటాయి అని. ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. మూడు వారాలు మూడు రకాలుగా వాడి చూశాను. చివరికి ల్యాప్‌టాప్‌కి ఒకటి, కౌంటర్ మీద ఉన్న డెస్క్‌టాప్‌కి ఇంకొకటి ఖాయం చేశాను.

అసలు కొత్తది ఎందుకు కొనాల్సి వచ్చిందో చెప్తాను. షాపు వెనక గదిలో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉండేది. తొమ్మిదేళ్ల డీటీపీ పని అంతా అందులోనే ఉంది. పెళ్లి పత్రికల నమూనాలు, ప్రాజెక్ట్ రిపోర్టులు, పక్క వీధి సార్ రాసుకున్న పద్యాల పుస్తకం, అన్నీ. ఒక సాయంత్రం మా షాపులో పనిచేసే అబ్బాయి, గిరాకీ తొందరలో ఉన్నారని, పీడీఎఫ్ మార్చే సాఫ్ట్‌వేర్‌కి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా దొంగచాటుగా నడిపించే ఫైలు, వెతికి డౌన్‌లోడ్ చేశాడు. మర్నాడు పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే ప్రతి ఫైలు పేరు చివరా నాలుగు కొత్త అక్షరాలు చేరి ఉన్నాయి. ఏదీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అని ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. తెరిస్తే, 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు అయితే సగం, 490 చాలు అని ఉంది. మొత్తం కడితే మన డబ్బుల్లో 80 వేలు దాటుతుంది. నేను కట్టలేదు. కట్టినా ఫైళ్లు తిరిగి వస్తాయని హామీ లేదు. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ని రాన్సమ్‌వేర్ అంటారు.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. ఆ తర్వాత నో మోర్ రాన్సమ్ అనే వెబ్‌సైట్ గురించి తెలిసింది. డచ్ పోలీసులు, యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టారు. పాడైన ఫైళ్లు రెండు అందులో ఎక్కిస్తే ఏ రకం దాడో చెబుతుంది, తాళం విప్పే టూల్ ఉంటే ఉచితంగా ఇస్తుంది. మాకు తగిలిన రకంలో ఆఫ్‌లైన్ కీతో, అంటే చాలామందికి ఒకేలా వాడిన తాళంచెవితో, లాక్ అయిన ఫైళ్లకే తాళంచెవి దొరికే ఆశ ఉంది. మావి ఆన్‌లైన్ కీతో, అంటే మా ఒక్క సిస్టమ్‌కే విడిగా తయారైన తాళంచెవితో, లాక్ అయ్యాయి. ఆ హార్డ్ డిస్క్‌ని మాత్రం పారేయలేదు. ఎప్పటికైనా కీ దొరకవచ్చని కవర్లో చుట్టి బీరువాలో పెట్టాను. మీకెవరికైనా ఇలా జరిగితే ఆ డిస్క్‌ని వెంటనే ఫార్మాట్ చేయించకండి.

ఇందులో నన్ను బాగా కదిలించిన విషయం వేరే ఉంది. ఆ సిస్టమ్‌లో డబ్బులు పెట్టి కొన్న యాంటీవైరస్ ఉంది. గడువు కూడా ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉంది. క్రాక్ ఇచ్చిన సైట్‌లో ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి అని రాసి ఉంటే, వాడు ఆపేశాడు. రెండు క్లిక్కుల పని. ఏ పాస్‌వర్డూ అడగలేదు. వాణ్ని నేను ఒక్క మాట అనలేదు, ఎందుకంటే ఆ రెండు క్లిక్కులకు అడ్డం పెట్టాల్సింది నేను. అందుకే ఈసారి కొనేటప్పుడు బ్రాండ్ కంటే ముందు, కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లు దీన్ని ఆపగలరా లేదా అన్నది చూశాను.

ల్యాప్‌టాప్ సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో కొన్నాను. పారడైజ్ మెట్రో స్టేషన్లో దిగితే నడిచి వెళ్లొచ్చు. కోర్ ఐ5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. బిల్లు అవుతుండగా షాపతను యాంటీవైరస్ డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాడు.

“ఇది కూడా వేసిస్తా అక్కా, మీకు 900. లేకపోతే రెండ్రోజుల్లో వైరస్ ఎక్కుతది.”

“విండోస్‌లోనే ఒకటి ఉంటుంది కదన్నా?”

“అది ఉత్తదే అక్కా, పేరుకే.”

డబ్బా మీద ఎమ్మార్పీ 1,800 ఉంది. ఇప్పుడొద్దులే, ముందు ఇందులో ఏముందో చూసి వస్తానని చెప్పాను. అతను కావాలని అబద్ధం చెప్పాడని నేను అనుకోను. విండోస్‌తో పాటే వచ్చే దాని పేరు డిఫెండర్. విండోస్ 7 ఉన్న రోజుల్లో అది స్పైవేర్‌ని, అంటే మన వివరాలు దొంగచాటుగా లాగే ప్రోగ్రామ్‌లని, మాత్రమే పట్టుకునేది, వైరస్‌ల పని దానిది కాదు. 2012లో విండోస్ 8తో అది పూర్తి యాంటీవైరస్ అయింది. ఆ పాత మాట మాత్రం మార్కెట్లో ఇంకా అలాగే నడుస్తోంది.

మొదటి వారం, ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన ట్రయల్‌ని అలాగే ఉంచాను. దాని పేరు చెప్పను. 30 రోజుల ట్రయల్. మూడో రోజు నుంచి కుడివైపు కింద మెసేజ్‌లు మొదలయ్యాయి. అప్లికేషన్ ఫారం నింపుతుంటే ఒకటి, ప్రింట్ ఇచ్చాక ఇంకొకటి, “మీకు ప్రమాదం పొంచి ఉంది, ఇప్పుడే కొనండి” అని. ఎదురుగా కూర్చున్న అమ్మాయి తన ఆధార్ కాపీ చూసుకుంటూ ఆ మెసేజ్ చదివి, “అక్కా, ఇందులో వైరస్ ఉందా?” అని భయపడింది. సిస్టమ్ ఆన్ చేశాక మొదటి ప్రింట్ బయటికి రావడానికి రెండు నిమిషాలు పట్టేది. క్యూ ఉన్న రోజు రెండు నిమిషాలు చాలా ఎక్కువ.

ఎనిమిదో రోజు తీసేశాను. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్, అక్కడ అన్ఇన్‌స్టాల్. ఒకసారి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తానే లేచింది. ఇది చాలామందికి తెలియదు. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, దాన్ని తీసేస్తే మళ్లీ పనిలోకి వస్తుంది. గడువు అయిపోయిన ట్రయల్‌ని మాత్రం అలా వదిలేయకండి, తీసేయండి.

రెండో వారం క్విక్ హీల్ ట్రయల్ వేశాను. పుణె కంపెనీ. కాట్కర్ సోదరులు మొదలుపెట్టారు. మన దగ్గర కంప్యూటర్ రిపేరు చేసే ప్రతి షాపులోనూ కనిపించే పేరు ఇదే. నా పనికి దీంట్లో బాగా నచ్చింది ఒకటి ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే, ఫోల్డర్ తెరవకముందే, అదే స్కాన్ మొదలుపెడుతుంది. మనం గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

ఇది ఎంత అవసరమో ఒక సంఘటన చెబితే అర్థమవుతుంది. ఆ వారంలోనే నల్గొండ నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న ఒక తమ్ముడు వచ్చాడు. ఏడాది నోట్స్ పెన్‌డ్రైవ్‌లో ఉందట. వేరే చోట ప్రింట్ తీయించుకున్నాక ఫోల్డర్లన్నీ పోయి, వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు మిగిలాయి. కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. దీన్ని మేం షార్ట్‌కట్ వైరస్ అంటాం. అది ఫైళ్లను చెరపదు, దాచేస్తుంది. పైన కనిపించే షార్ట్‌కట్ మీద క్లిక్ చేస్తే మన ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరసూ నడుస్తుంది. అక్కడి నుంచి ఆ సిస్టమ్‌లో పెట్టే ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటుకుంటుంది. ముందు స్కాన్ చేసి ఆ వైరస్ ఫైలు తీయించాను. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ కమాండ్ ఇస్తే దాగిన ఫోల్డర్లన్నీ బయటికి వచ్చాయి. ముందు అట్రిబ్ ఇచ్చి తర్వాత స్కాన్ చేస్తే లాభం లేదు, వైరస్ మళ్లీ దాచేస్తుంది. ఆ తమ్ముడు తన పాలిటీ నోట్స్ తెరిచి ఒక్కో పేజీ చూసుకుంటూ పది నిమిషాలు అక్కడే నిలబడ్డాడు. ఆ రోజే అనుకున్నాను, కౌంటర్ డెస్క్‌టాప్‌కి మాత్రం పెన్‌డ్రైవ్‌ని తనంతట తాను చూసే యాంటీవైరస్ ఉండి తీరాలని.

రెండో కారణం, క్విక్ హీల్ సెట్టింగ్స్‌కి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ తెలియకుండా సెట్టింగ్స్ మార్చలేరు. నేను వెతికింది సరిగ్గా ఇదే.

మూడో వారం ల్యాప్‌టాప్‌లో ఏదీ వేయకుండా ఒక్క డిఫెండర్‌తో నడిపాను. ఎక్కువ సమయం పెట్టింది దీనిమీదే. మొదట, అసలు పని చేస్తుందా అని ఐకార్ పరీక్ష చేశాను. 68 అక్షరాల ఒక వరుస ఉంటుంది. అది వైరస్ కాదు, ఎవరికీ హాని చేయదు. యాంటీవైరస్ మేలుకుని ఉందో లేదో చూసుకోవడానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న గుర్తు. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి సేవ్ చేయగానే డిఫెండర్ పట్టేసింది. పోయిన వారం క్విక్ హీల్ కూడా అలాగే పట్టింది. ఇది నిద్ర పరీక్షే, తెలివి పరీక్ష కాదు. తెలివి కోసం జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ ఫలితాలు చూశాను. రక్షణకు 6, సిస్టమ్‌ని నెమ్మది చేయకుండా ఉన్నందుకు 6, తప్పుడు హెచ్చరికలు ఇవ్వనందుకు 6, మొత్తం 18 మార్కులు. ఈ మధ్య ఏళ్లలో డిఫెండర్ చాలాసార్లు పూర్తి మార్కులో, వాటికి దగ్గరగానో తెచ్చుకుంది. ఉత్తదే అనే మాట ఇక్కడ నిలబడదు.

లోటు లేదని కాదు. డిఫెండర్ బలం చాలావరకు ఇంటర్నెట్‌లో ఉంది. కొత్త ఫైలు కనిపిస్తే మైక్రోసాఫ్ట్ సర్వర్‌ని అడిగి తేల్చుకుంటుంది. నెట్ లేనప్పుడు పట్టు తగ్గుతుంది. పెన్‌డ్రైవ్ విషయంలో కూడా, ఫైలు తెరిచినప్పుడు చూస్తుంది కానీ పెట్టగానే మొత్తం స్కాన్ చేయదు. మనమే డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ ఇవ్వాలి. నేను ఇస్తాను. క్యూలో పదిమంది ఉన్నప్పుడు మా షాపు అబ్బాయి ఇస్తాడని నమ్మకం లేదు.

ఇక మార్చాల్సిన సెట్టింగ్స్. ఎవరూ చెప్పకపోతే ఇవి అలాగే పడి ఉంటాయి.

విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిచి కిందికి వెళ్తే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ ఉంటుంది. అందులో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఒక స్విచ్. అది ముందు నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తే, మనం చెప్పిన ఫోల్డర్లలోని ఫైళ్లను తెలియని ప్రోగ్రామ్‌లకు మార్చడానికి వీలుండదు. పాత డెస్క్‌టాప్‌లో డిఫెండరే ఉండి ఇది ఆన్‌లో ఉంటే మా ఫైళ్లకు ఒక అడ్డం ఉండేది కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ వాటంతట అవే ఆ రక్షణలో ఉంటాయి. గిరాకీల పనులు పెట్టుకునే ఫోల్డర్‌ని నేను విడిగా చేర్చాను. ఆన్ చేసిన రోజు మా డీటీపీ సాఫ్ట్‌వేర్ ఫైలు సేవ్ చేయలేకపోయింది, ఎందుకంటే అది విండోస్‌కి తెలియని ప్రోగ్రామ్. అక్కడే అనుమతి ఇచ్చే చోటు ఉంటుంది, అందులో చేరిస్తే సరిపోయింది. ఒక్కసారి చేస్తే చాలు. ఈ స్విచ్ డిఫెండర్ పనిలో ఉన్నప్పుడే పనిచేస్తుంది, వేరే యాంటీవైరస్ వేస్తే దీని మీద ఆశ పెట్టుకోకూడదు.

ఆ తర్వాత యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్. అక్కడ అనవసరమైన యాప్‌లను ఆపే స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు చెప్పకుండా దూరే టూల్‌బార్‌లను ఇది ఆపుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది యూజర్ ఖాతా. మా షాపు అబ్బాయికి ల్యాప్‌టాప్‌లోనూ డెస్క్‌టాప్‌లోనూ స్టాండర్డ్ యూజర్ ఖాతా తెరిచాను. అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే. ఇప్పుడు డిఫెండర్‌ని ఆపాలన్నా, కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలన్నా దాదాపు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతుంది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. నేను కూడా రోజువారీ పని స్టాండర్డ్ ఖాతాలోనే చేస్తున్నాను, అలసిపోయినప్పుడు నా చెయ్యి కూడా తప్పు చోట క్లిక్ చేస్తుంది కాబట్టి.

మిగతా బ్రాండ్ల గురించి కొంచెం. బిట్‌డిఫెండర్ రుమేనియాది, ఉచిత వెర్షన్ కూడా ఉంది, మంచి పేరుంది. నేను వాడలేదు. చెన్నై కంపెనీ కే7 కూడా మన మార్కెట్లో దొరుకుతుంది, అదీ నేను వాడలేదు. క్యాస్పర్‌స్కీ రష్యా కంపెనీ. 2024లో అమెరికా తమ దేశంలో దాని అమ్మకాలు ఆపేసింది, మన దగ్గర అలాంటి నిషేధం లేదు. ఉచితంగా వస్తుందని అవాస్ట్ వేసుకునేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. వాడేవాళ్లు ఏ సైట్లు చూస్తున్నారన్న వివరాలను అనుబంధ సంస్థ ద్వారా అమ్మినందుకు 2024లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ ఆ కంపెనీని 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. ఆ అనుబంధ సంస్థను 2020లోనే మూసేశారు. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా ఇప్పుడు అన్నీ ఒకే కంపెనీ కింద ఉన్నాయి. నాలుగు డబ్బాలు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. డబ్బాలో ఉండేది ముఖ్యంగా కీ నంబరే, దాన్ని మీ ఫోన్ నంబర్‌తో, మీ మెయిల్‌తో మీరే రిజిస్టర్ చేసుకోండి. మా పాత సిస్టమ్‌కి వేసినతను తన నంబర్ ఇచ్చుకున్నాడు, గడువు మెసేజ్‌లన్నీ అతనికే పోయేవి. ఆన్‌లైన్‌లో కార్డుతో కొంటే ఆటో రెన్యువల్ టిక్ ఉందేమో చూడండి. మొదటి ఏడాది తగ్గింపు ధర, రెండో ఏడాది పూర్తి ధర పడొచ్చు. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి, అది వచ్చినప్పుడు చదవండి.

ఇంకొకటి. స్క్రీన్ మూలన “మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు, మీ యాంటీవైరస్ గడువు ముగిసింది” అని వచ్చేవి చాలాసార్లు వైరస్‌లూ కావు, నిజమైన హెచ్చరికలూ కావు. ఏదో సైట్‌లో మనం అలో నొక్కినందుకు బ్రౌజర్ పంపే నోటిఫికేషన్లు. వారానికి ఇద్దరైనా ఈ టెన్షన్‌తో ల్యాప్‌టాప్ పట్టుకుని మా షాపుకి వస్తారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ సైట్‌ని బ్లాక్ చేస్తే ఆగిపోతాయి. అవి చూపించే నంబర్‌కి మాత్రం ఫోన్ చేయకండి.

ఇప్పుడు మా షాపులో ఏర్పాటు ఇలా ఉంది. కౌంటర్ డెస్క్‌టాప్‌కి క్విక్ హీల్ కొన్నాను, బయటి పెన్‌డ్రైవ్‌లన్నీ దానికే. ల్యాప్‌టాప్‌కి డిఫెండర్ ఒక్కటే, బయటి పెన్‌డ్రైవ్ ఏదీ దానికి పెట్టం. బ్యాంకు పని, అప్లికేషన్ ఫీజులు, డీటీపీ అందులోనే. ల్యాప్‌టాప్‌కి యాంటీవైరస్ కొనక మిగిలిన డబ్బుకు ఇంకొంచెం కలిపి 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాను. ఆదివారం రాత్రి షట్టర్ దించాక కాపీ చేసి, వైరు పీకేసి ఇంటికి తీసుకెళ్తాను. తగిలించి వదిలేస్తే రాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేస్తుంది, అందుకే.

పోయిన వారం మా అక్క కూతురు ఫోన్ చేసింది. బీటెక్‌లో చేరింది, కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. “పిన్నీ, యాంటీవైరస్ ఏది కొనమంటావు? షాపులో 1,200 అంటున్నారు” అని అడిగింది. ఏదీ కొనొద్దన్నాను. వీడియో కాల్‌లో ఆ ట్రయల్ తీయించి, ఫోల్డర్ స్విచ్ ఆన్ చేయించి, స్టాండర్డ్ ఖాతా తెరిపించాను. ఇరవై నిమిషాలు పట్టింది. హాస్టల్లో స్నేహితుల పెన్‌డ్రైవ్ పెట్టాల్సి వస్తే ముందు రైట్ క్లిక్ చేసి స్కాన్ ఇవ్వమని చెప్పాను. ఆ 1,200తో హార్డ్ డిస్క్ కొనుక్కుంటానంది. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి సీటీసీకి వెళ్తున్నాం.